తోడు పెట్టిన తొట్టి

నౌకరీ దొరికిందంటే చాలు, ఏం నౌకరీ అని ఇంట్లోవాళ్ళు రెండో ప్రశ్న వేయని కాలం అది. రెండో ప్రపంచయుద్ధం ఇంకా రాలేదు, వస్తుందని మాత్రం అందరూ అనుకుంటున్నారు. మా నాన్న నాంపల్లి బజారులో ఎదురైన ప్రతి మనిషినీ ఆపి, మావాడికి సర్కారీ నౌకరీ అయిందని చెప్పి, వాళ్ళు ఏ మహకమా, ఏ శాఖ అని అడిగేలోగా అక్కణ్ణుంచి జారుకునేవాడు. పాపం ఆయనకు ఆ పేరు చెప్పడానికి నోరు రాలేదు. నాది మురుగునీళ్ళ మహకమా. పోనీ అందులో నక్షాలు గీయడమో కొలతలు తీయడమో అయినా కాస్త మర్యాదగా ఉండేది. నన్ను వేసింది మురుగు అడుగున దిగిన మడ్డిని కలిపే పనికి. ఇరవై రెండేళ్ళవాణ్ణి, ఇంటర్మీడియట్ సైన్సు పాసైనవాణ్ణి, ఇస్త్రీ పాంటు వేసుకుని, అబిడ్స్‌లో కొన్న కొత్త బూట్లు తొడుక్కుని మొదటిరోజు వెళ్ళి నేను చేసిన ఘనకార్యం, ఒక ఇనుప అడ్డకర్ర పట్టుకుని దాని చుట్టూ నూరుసార్లు తిరగడం. (రెండోరోజు నుంచి బూట్లు గూట్లోనే ఉన్నాయి.)

మా ఆఫీసు అబిడ్స్‌లో ఒక ఇంగ్లీషు మందుల దుకాణం మీది అంతస్తులో ఉండేది. మడ్డి తొట్టి మాత్రం నాంపల్లి స్టేషన్ వెనక, ప్రహరీ కట్టిన పంపుల అహాతాలో. ఆ తొట్టి మా ఓవర్సియరుగారి ప్రాణం. ఆయనది మెదక్ దిక్కు క్రైస్తవ కుటుంబం, మిషన్ బడిలో చదువుకున్న మనిషి, అందుకని అందరం మెదక్ సారు అనేవాళ్ళం. యాభై దాటిన సన్నటి మనిషి. ఎండాకాలంలో కూడా కోటు విప్పేవారు కారు. ఆరేళ్ళపాటు పైవాళ్ళకు అర్జీలు పెట్టుకుని పెట్టుకుని ఆ ఒక్క తొట్టీ కట్టించుకున్నారు. మడ్డిని గాలి తగలకుండా మూసిపెడితే కంటికి కనపడని పురుగులేవో దాన్ని తిని అరిగించుకుంటాయనీ, అప్పుడు కంపు పోయి మంచి ఎరువు మిగులుతుందనీ, పైగా మండే గ్యాసు పుడుతుందనీ ఆయన చెప్తుంటే మా ఆఫీసులో సగం మంది ముక్కు మూసుకునేవాళ్ళు, మిగతా సగం మంది నవ్వు ఆపుకునేవాళ్ళు. తొట్టికి ఇటుకల కప్పు. అందులో పుట్టిన గ్యాసు గొట్టంలోంచి పోయి పక్కనున్న నీళ్ళ గుంటలో బోర్లించిన ఇనుప గంగాళంలో చేరుతుంది. గ్యాసు నిండేకొద్దీ గంగాళం పైకి లేస్తుంది, పక్క రేకుల షెడ్డులోని పొయ్యిలో మండిస్తే కిందికి దిగుతుంది. గంగాళం ఎంత లేచిందో కొలిచి రాసుకోవడమే సారు పొద్దున్నే చేసే మొదటి పని.

ఇక అసలు సంగతి కలపడం. కలపకపోతే తేలికైనదంతా పైకి తేలి తెట్టు కడుతుందనీ, బరువైనది అడుగున పడి ఉంటుందనీ, మధ్యలో పురుగులు పస్తుంటాయనీ సారు అనేవారు. అయితే ఎట్లా కలిపితే మంచిది? దానికి ఆయన రెండు పద్ధతులు పెట్టుకున్నారు. తొట్టి కప్పులోంచి లోపలికి దిగిన ఇనుప కడ్డీకి తెడ్లు బిగించి పైనుంచి తిప్పడం మొదటిది. అడుగు మడ్డిని చేతిపంపుతో లాగి మళ్ళీ పైనుంచి పోయడం రెండోది. మూడోది మా కావలిదారు చాచా చెప్పాడు, సైకిల్ పంపుతో అడుగు నుంచి గాలి కొడితే అదే బుడబుడమని కలిసిపోతుందని. సారు రెండు చెవులూ మూసుకున్నారు. గాలి తగిలితే ఆ పురుగులు చస్తాయి, గ్యాసులో గాలి కలిస్తే మనం చస్తాం అని ఆయన అంటే చాచా ఆ రోజంతా ఆ అహాతాలో బీడీ ముట్టించలేదు. పంపు సంగతి తర్వాత చూద్దామన్నారు సారు, మొదటి పద్ధతి నా నెత్తిన పడింది. పొద్దున నూరు, మధ్యాహ్నం నూరు, సాయంత్రం నూరు. గానుగెద్దులా తొట్టి కప్పు మీద నేను తిరుగుతుంటే, నాంపల్లిలో దిగబోయే జనం రైలు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూసేవాళ్ళు. వాళ్ళల్లో మా నాన్న దోస్తులు ఉంటారేమోనని నేను టోపీ కళ్ళ మీదికి లాక్కునేవాణ్ణి.

ఈ కథలోకి మా అమ్మ ఎట్లా వచ్చిందో చెప్పాలి. నేను చేరిన కొత్తలోనే, అప్పుడే నింపిన తొట్టికని అబిడ్స్‌లో ఒక పాత బంగళా సెప్టిక్ ట్యాంకు అడుగునుంచి రెండు డబ్బాల పాత మడ్డి తెచ్చి పోశాం. ఆ డబ్బాలు టాంగాలో నా మోకాళ్ళ మధ్య పెట్టుకుని, దుకాణాల ముందు నుంచి, సెంటు పూసుకున్న జనం మధ్య నుంచి తెచ్చింది కూడా నేనే. ఎందుకు సారూ ఇదంతా అంటే, "ఏం లేదు తమ్మీ, పాలల్ల తోడేసినట్టే గిది" అన్నారు సారు. ఆ మాట నేను ఇంటికి వెళ్ళి అమ్మకు చెప్పాను. (ఇంట్లోకి కాదు, పెరట్లోకి. స్నానం చేసేదాకా నాకు గడప లోపలికి ప్రవేశం లేదు.) బావి దగ్గర నా నెత్తిన నీళ్ళు గుమ్మరిస్తూ అమ్మ అంతా విని, "తోడేసిన గిన్నెను ఊకె కలుపుతరారా ఎవలన్నా? గట్ల కదిలిస్తే గడ్డ కడ్తదా?" అంది.

నా బుర్రలో ఆ మాట దిగబడిపోయింది. నిజమే కదా! మా ఇంట్లో తోడు పెట్టిన గిన్నె పక్కనుంచి గట్టిగా నడిచినా అమ్మ ఊరుకునేది కాదు. అప్పటికి ఎండలు ముదిరాయి, నా అరికాళ్ళు కప్పు ఇటుకలకు మాడుతున్నాయి. పైగా నాకు రుజువు కూడా దొరికింది. ఆ కాలంలో మా సర్కారీ ఆఫీసులకు శుక్రవారం సెలవు. శుక్రవారం నేను తిప్పను. శనివారం పొద్దున చూస్తే గంగాళం మిగతా రోజులకన్నా జానెడు ఎత్తున ఉంది! రెండు శనివారాలు చూశాను, రెండుసార్లూ అంతే. ఇంకేం కావాలి? కదపకుండా ఉంచితేనే గ్యాసు ఎక్కువ వస్తోందని నా సైన్సు బుర్ర తేల్చేసింది. మిగతా రోజుల్లో సారు పొయ్యి వెలిగించి గ్యాసు మండిస్తారనీ, శుక్రవారం మండించేవాళ్ళు లేక అది నిలిచి ఉంటుందనీ ఆ బుర్రకు తట్టలేదు. తట్టనివ్వలేదు అనడం సబబేమో. ఆ శనివారం నుంచి నేను తిప్పడం మానేశాను. సారు పొద్దుటి కొలత, పొయ్యి పని చూసుకుని అబిడ్స్‌కు వెళ్ళిపోయాక, నీడలో కూర్చుని తిప్పిన లెక్క రాసే నోటుబుక్కులో మాత్రం నూరు, నూరు, నూరు అని రాసేవాణ్ణి. కొన్నిరోజులు పొద్దున్నే మూడు పూటలవీ ఒకేసారి రాసేసేవాణ్ణి. గంగాళం బాగా లేచాక అసలు రహస్యం బయటపెట్టి సారు చేత శెబాష్ అనిపించుకోవాలని నా ఎత్తు. చాచా అంతా చూస్తూనే ఉన్నాడు, ఒక్క మాట అనలేదు.

మొదటి వారం గంగాళం బాగానే ఉంది. రెండో వారం కొంచెం దిగింది. మూడో వారం దాటేసరికి పొద్దున్నే వచ్చి చూస్తే నీళ్ళ గుంటలో ముఖం దాచుకున్నట్టు అడుగునే కూర్చుని ఉంది. సారు గొట్టాలన్నీ సబ్బునీళ్ళు పూసి చూశారు, ఎక్కడా గ్యాసు కారడం లేదు. ఒక బుధవారం నా నోటుబుక్కు తెరిచి, కళ్ళజోడు సర్దుకుని, పేజీ తర్వాత పేజీ చూశారు. ఆయన పుస్తకం మూసి నా భుజం మీద చెయ్యి వేశారు.

"ఒక్క పూట గూడ తప్పలేదు తమ్మీ నువ్వు. గింత ఎండల గిట్ల పని చేసెటోడు నాకు ఇంకోడు దొరకడు. తప్పు నీది గాదు, తెడ్డుది. ఆరేండ్ల సంది నేనే తప్పు సోంచాయించిన, తప్పు లెక్కేసిన."

తిట్టినా బాగుండేది. ఆ తర్వాత ఆయన చెప్పిన మాటలు సగమే నా చెవిన పడ్డాయి, కానీ ఆ సగం చాలు. శనివారం పొద్దున పది గంటలకు మా మహకమా పెద్ద సాహెబు ఇంకో ముగ్గురు అఫ్సర్లను వెంటబెట్టుకుని వస్తున్నాడు. వాళ్ళ ఎదుట ఆ గ్యాసు మీద ఒక కేతలీ చాయ్ కాచి చూపిస్తానని సారు ఎప్పుడో రాసిచ్చి ఉన్నారు. చాయ్ కాగకపోతే తొట్టిని మట్టితో పూడ్చేస్తారు. సారును ఎక్కడో అడవి తాలూకాకు సడకులు, అదే రోడ్లు, కొలిచే పనికి పంపుతారు, ఆ కాగితం తయారై పెద్ద సాహెబు బల్ల మీద ఉందట. అదీ కాక, తెడ్డుతో కలపడం వల్ల ఏ ఉపయోగమూ లేదని తన చేత్తో తానే రిపోర్టు రాయడం మొదలుపెట్టారు. ఆ రిపోర్టుకు ఆధారం నా నూర్లు.

గురువారం పొద్దున్నే ఎవరూ రాకముందే అహాతాకు పరుగెత్తాను. రెండు రోజుల్లో తిప్పి తిప్పి ఇరవై మూడు రోజుల కొరత తీర్చేద్దామని నా తాపత్రయం. అడ్డకర్ర పట్టుకుని నెట్టాను. కదల్లేదు. భుజం ఆనించి నెట్టాను, కదల్లేదు. లోపల తెట్టు గట్టిపడి కడ్డీని పట్టేసుకుందని అర్థమైంది. అంతటితో ఆగినా బాగుండును. వెనక్కి పది అడుగులు వేసి, పరుగెత్తుకుంటూ వచ్చి, ఒళ్ళంతా దాని మీద పడేశాను. టక్కున చప్పుడైంది. అడ్డకర్ర గిర్రున తిరిగింది, దాంతోపాటు నేనూ తిరిగి బోర్లా పడ్డాను. అడ్డకర్రను కడ్డీకి బిగించే శీల విరిగిపోయింది. ఇప్పుడు అడ్డకర్ర వేలితో నెట్టినా తిరుగుతుంది, లోపల తెడ్డు మాత్రం ఉన్నచోటే ఉంది. చాచా వచ్చి నన్ను లేపి, మోకాలు దులిపి, విరిగిన శీల ముక్క నా చేతిలో పెట్టాడు. "నువ్వే పోయి చెప్పు బేటా. నా నోట్లకెళ్ళి పోతె మంచిగుండదు" అన్నాడు. ఆ మాటతో నాకు తెలిసింది, ఇరవై మూడు రోజులుగా ఆయన ఎదురుచూస్తున్నది నేను నా నోటితో ఒప్పుకోవడం కోసమే.

నాంపల్లి నుంచి అబిడ్స్‌కు ఎంత దూరం? నడిస్తే పావుగంట. నాకు ఆ రోజు గంట పట్టింది. మందుల దుకాణం ముందు నుంచి రెండుసార్లు ముందుకు పోయి, రెండుసార్లు వెనక్కి వచ్చాను. అద్దాల బీరువాలో కనిపించిన నా ముఖం చూసి దుకాణం కాంపౌండరు, ఏం కావాలి, విరేచనాలా అని అడిగాడు. మెట్లెక్కి పైకి వెళ్ళాను. సారు రిపోర్టు రాస్తున్నారు. బల్ల మీద శీల ముక్క పెట్టి, నోరు తెరిచి, అమ్మ పెరుగు దగ్గర్నుంచి శుక్రవారం గంగాళం దాకా ఒక్క గుక్కలో అంతా కక్కేశాను. కలం ఆగింది. కింద సడకు మీద టాంగా గుర్రాల డెక్కల చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

"ఎన్ని దినాలు?"

"సెలవులు పోను ఇరవై మూడు, సారు."

"మూడు పూటలా?"

"ఔ సారు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నౌకరీ పోయింది, నాన్న బజారులో మళ్ళీ అందరినీ ఆపి ఏం చెప్పుకుంటాడో అనుకుంటున్నాను. సారు తాను రాస్తున్న కాగితాన్ని నాలుగు ముక్కలుగా చింపేశారు. "అంటె తెడ్డు తప్పు గాదన్నట్టు" అన్నారు, నాతో కాదు, తనతో తాను. మళ్ళీ అదే మాట ఇంకోసారి అన్నారు. ఆయన ముఖంలో కోపం కోసం వెతికాను. దొరకలేదు. ఆరేళ్ళ నమ్మకం తిరిగి చేతికొచ్చిన మనిషికి నన్ను తిట్టేంత తీరిక లేదు. "నీ సంగతి వెనక జూస్త, ముందుగాల తెట్టు సంగతి జూడాలె, రేపు పొద్దుగాల్నే రా" అని కోటు సర్దుకుని లేచారు.

శుక్రవారం సెలవునాడు పొద్దున్నే బయల్దేరుతుంటే అమ్మ ఆపింది. నేను ఉన్న కోపమంతా ఆమె మీద కుమ్మరించాను. నీ పెరుగు మాట విని కొంప ముంచుకున్నానని అన్నాను. అమ్మ ఏమీ నొచ్చుకోలేదు. నీకు ఆ తొట్టిలోంచి ఏం కావాలిరా అని అడిగింది. గ్యాసు అన్నాను. "అయ్యో, అది వెన్న లెక్క గద బిడ్డా. నేను చెప్పింది పెరుగు ముచ్చట. తోడుకున్నంక గూడ చిలకొద్దని నేనెప్పుడన్నా?" అంది. విసురుగా తలుపు వేసుకుని వెళ్ళిపోయాను.

ఆ రోజు పడిన అవస్థ అంతా ఇంతా కాదు. తెట్టు పగలగొట్టాలంటే కప్పులో ఉన్న మూత తీయాలి. మూత తీస్తే గ్యాసు బయటికి వస్తుంది. గోడ అవతల రైలుపట్టాలు, ఇంజన్ల నిప్పురవ్వలు. సారు జేబులో రైళ్ళ టైములు రాసిన చీటీ పెట్టుకుని, చేతిలో గడియారం పట్టుకుని నిలబడ్డారు. గంగాళానికి పోయే గొట్టం కట్టేశారు. చాచా బీడీల కట్ట, అగ్గిపెట్టె తీసి గేటు అవతల ఒక రాయి కింద పెట్టి వచ్చాడు. ఒక రైలు వెళ్ళిపోయాక ఇంకోటి వచ్చేదాకా ఉన్న వ్యవధిలో మూత తీయడం, ముఖానికి తడిగుడ్డ కట్టుకుని, తల లోపలికి వంచకుండా, గాలి వచ్చే వైపు నిలబడి వెదురుగడతో తెట్టును పొడవడం. ఆ తెట్టు మూరెడు మందాన, ఎండిన పిడకల కుప్పలా ఉంది. అది నేను ఇరవై మూడు రోజులు కూర్చుని పెంచిన పంట. చాచా చేతిపంపుతో అడుగు మడ్డి లాగి దాని మీద పోస్తున్నాడు, అది నానుతోంది, నేను పొడుస్తున్నాను. ఇంతలో చీటీలో లేని కూత ఒకటి వినబడింది. పెట్టెలు మార్చడానికి ఉత్త ఇంజనొకటి గోడవైపు వచ్చేస్తోంది. సారు "మూత!" అని ఒక్క అరుపు అరిచారు. చాచా, నేను మూత ఈడ్చి పెట్టాం. సందుల్లోంచి ఇంకా గ్యాసు వస్తుందేమోనని తడి గోనెపట్టా కప్పి దాని మీద నేను కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో నాకు తెలియదు, నా బరువుతో ఆగుతుందనుకున్నాను కాబోలు. గోడ మీదుగా నల్లటి పొగ, అందులో ఎర్రగా రెండు మూడు రవ్వలు మా మీదికి తేలి వచ్చాయి. ఒకటి నా చొక్కా మీద పడి చిన్న చిల్లి చేసి ఆరిపోయింది. సారు కళ్ళు మూసుకుని పెదవులు కదిలిస్తున్నారు, చాచా కూడా ఏదో గొణుగుతున్నాడు. నాకు ఏ దేవుడూ గుర్తుకు రాలేదు. ఇంజను వెళ్ళిపోయింది.

చాచా నమాజుకు వెళ్ళి వచ్చేసరికి తెట్టు చాలావరకు మెత్తబడింది, మూత మళ్ళీ గట్టిగా బిగించేశాం. కానీ కలపడం ఎట్లా? శీల విరిగింది, నిన్ననే దాన్ని కొలిమికి ఇవ్వాలని ఎవరికీ తట్టలేదు, శుక్రవారం కొలిమి మూసి ఉంది. సారు తొట్టి మీద కూలబడ్డారు. అప్పుడు అమ్మ గుర్తొచ్చింది. తెల్లవారుజామున వంటింటి గుంజ పక్కన కవ్వానికి తాడు చుట్టి, ఒక చేత్తో లాగి, ఒక చేత్తో వదిలే అమ్మ. పరుగెత్తి బావి తాడు తెచ్చాను. కడ్డీకి రెండు చుట్లు చుట్టి, ఒక కొస చాచాకు ఇచ్చి, ఒక కొస నేను పట్టుకున్నాను. ఆయన లాగాడు, నేను వదిలాను. నేను లాగాను, ఆయన వదిలాడు. మూడోసారికి కడ్డీ కిర్రుమంది. పదోసారికి లోపల ఏదో బరువుగా కదిలింది. సారు ఒక్కసారిగా లేచి గంగాళం దగ్గరికి వెళ్ళి గొట్టం విప్పారు, మొదట వచ్చిన గాలి కలిసిన గ్యాసును బయటికి వదిలేసి, మళ్ళీ బిగించి, అక్కడే నిలబడిపోయారు. సాయంత్రానికి గంగాళం నాలుగు వేళ్ళ ఎత్తు లేచింది. శనివారం పొద్దుటికి జానెడు.

జానెడు చాలదు. ఆ సంగతి నాకు తెలుసు, సారుకు తెలుసు. పది గంటలకు పెద్ద సాహెబు వచ్చాడు, వెంట ముగ్గురు, ముగ్గురికీ ముక్కుల మీద రుమాళ్ళు. సారు రేకుల షెడ్డులో పొయ్యి వెలిగించి కేతలీ పెట్టారు. నీలం మంట నిలబడింది. పెద్ద సాహెబు గడియారం బయటికి తీశాడు. బయట నేను, చాచా కొసలు పట్టుకుని నిలబడి గంగాళం వైపే చూస్తున్నాం. అది దిగుతోంది. ఇంకా దిగుతోంది. షెడ్డు తలుపులోంచి సారు నా వైపు చూశారు. చాచా "చల్ బేటా" అన్నాడు, లాగడం మొదలుపెట్టాం. లాగినప్పుడల్లా లోపల బుడబుడమంటోంది, గంగాళం దిగడం మందగించింది. నేను లెక్కపెడుతున్నాను. నలభై. యాభై. అరచేతుల తోలు లేచిపోయి తాడు ఎర్రబడింది. మంట కుంగిపోతోందని లోపల ఎవరో ఉర్దూలో అనడం వినిపించింది. ఎనభై. తొంభై. తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది, నూరు. ఆ నూరు దగ్గర షెడ్డులో కేతలీ మూత గలగలమని కొట్టుకుంది.

పెద్ద సాహెబు బయటికి వచ్చి తొట్టి మీద ఇద్దరు మనుషులు మజ్జిగ చిలుకుతుండడం చూసి, ఇదేమిటని అడిగాడు. ఇది కలపడంలో మూడో పద్ధతి హుజూర్, దేశవాళీది అన్నారు సారు, ముఖంలో ఏ మార్పూ లేకుండా. చాయ్ కప్పుల్లో పోశారు. ఎవరూ కప్పు ముట్టలేదు. అఫ్సర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ మంట ఎక్కణ్ణుంచి వచ్చిందో అందరికీ తెలుసు. సారు ఒక కప్పు తీసి నా దగ్గరికి తెచ్చారు. మొదటి కప్పు ఈ తమ్మీది, ఈ తొట్టి ఇట్లా తయారు కావడానికి ఇతనే కారణం అని అందరికీ వినపడేలా చెప్పారు. నా సంగతి వెనక చూస్తానన్నారు కదా, ఇదే అది. నెత్తురు చేతులతో కప్పు పట్టుకుని తాగాను. చాయ్ చాయ్‌లాగే ఉంది. నేను బతికే ఉన్నానని చూసుకుని పెద్ద సాహెబు కూడా ఒక గుటక వేశాడు. తొట్టికి ఇంకో ఏడాది ఇచ్చాడు. సడకుల కాగితం ఏమైందో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

సోమవారం సారు నా ముందు నోటుబుక్కు పెట్టి, అరవై తొమ్మిది నూర్లనూ నా చేతే కొట్టేయించి, అరవై తొమ్మిది సున్నలు పెట్టించారు. ఆయన చివరికి పంపిన రిపోర్టులో తెడ్డు, పంపు, తాడు, మూడూ ఉన్నాయి. వాటికి ముందు ఇంకో వరుస ఉంది. "ఏమాత్రం కలపకుండా, ఇరవై మూడు రోజులు" అని, గ్యాసు రోజురోజుకీ ఎట్లా తగ్గిందో కొలతలన్నీ వేసి, ఆ ప్రయోగం చేసినవారు అన్నచోట నా పేరు రాశారు. ఆ రిపోర్టు అచ్చై వచ్చింది, సర్కారీ కాగితం మీద నా పేరు అచ్చులో చూసుకోవడం అదే మొదటిసారి. మా నాన్న దాన్ని బజారంతా తిప్పాడు, ఈసారి మహకమా పేరు కూడా చెప్పి.

సారు పోయి చాలా ఏళ్ళయింది, చాచా అంతకు ముందే పోయాడు. తొట్టి ఉన్నచోట ఇప్పుడు ఏదో గోదాము. నేనూ అదే మహకమాలో తల నెరిసి, పెన్షను పుచ్చుకుని, ఇంట్లో కూర్చున్నాను. టోపీ కళ్ళ మీదికి లాక్కుని నీడలో కూర్చున్న ఆ పిల్లవెధవ అప్పుడప్పుడూ గుర్తొస్తాడు, చెవి మెలిపెట్టాలనిపిస్తుంది, వెంటనే జాలేస్తుంది. చాయ్‌లో చక్కెర వేసుకుని కలుపుతూ కూర్చుంటే మా ఆవిడ, "ఇగ సాలు, గిలాస అరుగుతది" అంటుంది. ఆమెకు ఎట్లా చెప్పను, నేనింకా ఆ ఇరవై మూడు రోజులవీ తిప్పుతూనే ఉన్నానని.